నలభై రింగులు

“ఇంకెన్ని ఉన్నాయి?” అడిగాడు మేనేజర్ నాగచైతన్య.

“నలభై సార్,” అన్నాడు స్టోర్ కీపర్ ఆశీర్వాదం.

నిమిషానికి రెండు పంపులు. పంపుకో రబ్బరు రింగు. నలభై అంటే ఇరవై నిమిషాలు. ఆ తర్వాత నాచారంలోని ఆ నీళ్ల పంపుల ఫ్యాక్టరీలో లైను ఆగిపోతుంది. గోడ మీద ఎర్ర లైటు వెలుగుతుంది.

“బండి ఎక్కడుంది?”

“ఉప్పల్ల ఇరుక్కున్నది సార్. ఫ్లైఓవర్ పని కాడ. డ్రైవర్ శాంసన్ ఫోన్ జేసిండు.”

“లైను ఆగితే ఏం చేస్తానో శనివారమే చెప్పాను.”

“చెప్పిన్రు సార్. ఇంటికి పంపిస్తనన్నరు.”

పొద్దుటి సరుకు పొద్దున్నే రావాలి, మధ్యాహ్నం సరుకు మధ్యాహ్నమే రావాలి, మూలన ఒక్క డబ్బా కూడా మిగలకూడదు. అది నాగచైతన్య పద్ధతి. తన టేబుల్ మీద రెండో పెన్ను కూడా ఉంచుకోడు. వాచీ చూసుకుని తన గది వైపు వెళ్లిపోయాడు.

లైను మీద రింగులు బిగించే రెబెక్కా చేతులు ఆపకుండానే పిలిచింది.

“మామా, నిచ్చెన ఎనక సూడరాదు. ఏమన్న దాసినవేమో!”

“ఉన్న ఒక్క రింగుల డబ్బా శనివారం సారుకు దొరికె గద. తీస్కపోయి తుక్కుల ఏస్తనన్నడు.”

“దొరకదా మరి? అత్త పాత చీర నీలం అంచు చింపి డబ్బాకు కట్టినవ్. గట్ల రిబ్బన్ కట్టి దాస్తరా ఎవరన్న?”

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. ఆశీర్వాదం నవ్వలేదు.

“రిటైరయ్యెతందుకు నాకింక ఏడు నెలలే ఉన్నది బిడ్డా. గిప్పుడు పొమ్మంటే ఏడికి పోవాలె?”

రెబెక్కా నవ్వు ఆగిపోయింది. ట్రేలోకి చూసింది. పద్దెనిమిది.

ఆశీర్వాదం గేటు దాకా వెళ్లాడు. రోడ్డు మీద బండ్లున్నాయి గాని తమ బండి లేదు. తిరిగొచ్చి ఖాళీ అరలన్నీ మళ్లీ తడిమాడు. అరలు అద్దంలా ఉన్నాయి. తుడిచింది తనే.

“మామా, ఆరు!”

పెదాలు కదుపుతూ ప్రార్థన మొదలుపెట్టాడు.

“మామా, మూడే!”

వెనక బూట్ల చప్పుడైంది. నాగచైతన్య రొప్పుతూ వచ్చాడు. చేతిలో ట్రే. ట్రే నిండా నల్లటి రింగులు.

“బండి వచ్చింది. గేటు బయటే దింపించుకుని పంపేశాను. తీసుకో, చూస్తావేంటి?”

ఆశీర్వాదం ట్రే లాక్కున్నంత పని చేశాడు. రెబెక్కా ఆఖరి రింగు బిగించి, చూడకుండానే చెయ్యి చాపింది. ఆ చేతికి కొత్త రింగు అందింది. లైను ఆగలేదు. ఎర్ర లైటు వెలగలేదు.

ఆశీర్వాదం స్టూలు మీద కూలబడ్డాడు. సీసాడు నీళ్లు గటగటా తాగాడు. అప్పుడు వచ్చింది నవ్వు.

“పో మామా, మొకం కడుక్కో,” అంది రెబెక్కా. “నౌకరి పోలేదని అత్తకు ఫోన్ జెయ్యి.”

“చూశారా?” అన్నాడు నాగచైతన్య, నుదురు తుడుచుకుంటూ. “ఒక్క డబ్బా కూడా దాచకుండానే లైను నడిచింది. నా పద్ధతి మీద నమ్మకముంచండి.”

“ఉంచుతం సార్. మీరు సల్లగుండాలె,” అన్నాడు ఆశీర్వాదం, మనస్ఫూర్తిగా.

ఇంతలో ఆయన ఫోన్ మోగింది. శాంసన్.

“మామా, ఏమనుకోకు. ఇంక ఉప్పల్లనే ఉన్న. ఒక్క అడుగు గూడ కదుల్తలేదు.”

ఆశీర్వాదం మెల్లగా తలెత్తి చూశాడు. తన గదికి తిరిగి వెళ్తున్న నాగచైతన్య ప్యాంటు జేబులోంచి నీలం రంగు చీర అంచు జానెడు వేలాడుతోంది.