మూడో కౌంటర్

"రెండో కౌంటర్ ఖాళీగానే ఉందిగా. ఎప్పుడూ ఈ మూడో దాని దగ్గరే ఎందుకు నిలబడతారమ్మా?" అన్నాడు జ్ఞాపకాల ఆఫీసు గుమాస్తా.

"నాకిక్కడే బాగుంటుంది బాబూ," అంది ముసలావిడ.

నెలకో జ్ఞాపకం అప్పగించి తీరాలని చట్టం. పుట్టిల్లు, పెళ్ళి, పోయిన భర్త గొంతు, అన్నీ ఆవిడ ఈ కౌంటర్లోనే ఇచ్చేసింది. గుమాస్తాలకి నెలనెలా ఈ పీడ లేదు. ఉద్యోగంలో చేరిన రోజే వాళ్ళ జ్ఞాపకాలన్నీ ఒక్కసారే తుడిచేస్తారు.

"ఈ నెల ఏమిస్తారమ్మా?"

ఆవిడ అతన్ని కళ్ళారా చూసుకుంది.

"ఇంకొక్కటే మిగిలింది. మా అబ్బాయి."

"గుర్తులు చెప్పండి."

"ఎడమచేతి వాటం. రాసేటప్పుడు నాలిక కొస బయటపెడతాడు. ఎన్నిసార్లు కసిరినా మానలేదు, వెధవాయి."

గుమాస్తా నాలిక లోపలికి లాక్కుని, చెప్పింది చెప్పినట్టు ఎడమచేత్తో రాసుకున్నాడు. ఆవిడ తలకి ఇనుప టోపీ తొడిగి మీట నొక్కాడు.

"అయిపోయిందమ్మా. మెల్లగా లేవండి. మెట్లున్నాయి, జాగ్రత్తమ్మా."

ఆవిడ గుమ్మందాకా వెళ్ళి వెనక్కి తిరిగింది.

"అమ్మా అని ఎంత నోరారా పిలుస్తావు బాబూ! నిన్ను కన్నతల్లి ఎవరోగాని, అదృష్టవంతురాలు."