కళ్లు చూశారా?

"అమ్మా, కుట్టింది!"

మొక్కల నర్సరీ మట్టికుప్పలో ఆడుకుంటున్న పాప తన వేలు పట్టుకుని పరుగెత్తుకొచ్చింది.

నల్లటి సన్నటి పామొకటి ఆ మట్టిలోకే జారిపోవడం తల్లి కంట పడింది. ఆమెకు పైప్రాణాలు పైనే పోయాయి.

"గుడ్డిపామేలేవే! దానికి విషమా పాడా? వెళ్లి పడుకోబెట్టు," అన్నాడు తండ్రి, కుండీల దగ్గర్నుంచి లేవకుండానే. నర్సరీ ఆయనదే. అడక్కముందే జవాబిచ్చేస్తాడని ఇంట్లో ఆయన పేరు సర్వజ్ఞుడు.

గులాబీ మొక్క కొంటున్న ఒకాయన చేతిలోది కింద పెట్టేశాడు.

"మీరు చూశారా?"

"చూసేదేముంది? వానపాములా ఉంటుంది. ఈ మట్టిలో బోలెడు."

"కట్లపాము పిల్ల కూడా నల్లగా, సన్నగానే ఉంటుందండీ! దీని కళ్లు చూశారా? తోక చూశారా? అమ్మా, ముందు పాపని ఆసుపత్రికి తీసుకెళ్లండి!"

"ఏవండీ, బండి తాళం ఇవ్వండి," అంది తల్లి.

"నువ్వాగవే! ఊళ్లో పెళ్లికి కుక్కల హడావుడని, మధ్యలో ఈయనెవడు?"

గులాబీ కొనవచ్చినాయన వినిపించుకోలేదు. పార అందుకుని కుప్పంతా చెల్లాచెదురు చేశాడు. రెండు కుండీలు పగిలాయి.

"అమ్మా, నిద్రొస్తోంది," అంది పాప.

"నిద్రపోనివ్వకండి!" ఆయన అరిచాడు.

తల్లి ఏడుస్తూ మొగుడి జేబులో చెయ్యి పెట్టింది.

"దొరికింది!"

పామును గాజుసీసాలోకి ఎక్కించి వెలుతురుకు ఎత్తాడు. తలా తోకా ఒకే లావు. కళ్లుండాల్సిన చోట పొలుసు కింద రెండు చుక్కలు. తోక కొసన చిన్న ముల్లు. సీసా తిప్పి పొట్టవైపు చాలాసేపు చూశాడు.

"పొట్ట కింద కూడా వీపు మీదలాంటి చిన్న పొలుసులే. కట్లపాముకైతే అడ్డంగా వెడల్పు పట్టీలుంటాయి. గుడ్డిపామేనమ్మా. తోకముల్లు గుచ్చింది, అంతే. పడుకోనివ్వండి."

అని ఆ మట్టిలోనే కూలబడి వెక్కివెక్కి ఏడ్చాడు.

సర్వజ్ఞుడు పగలబడి నవ్వాడు.

"నేను మొదట్నుంచీ మొత్తుకుంటున్నది అదేగా! తాడుని చూసి పామనే రకం దాపురించాడు."

ఆయన పామును మట్టిలో వదిలి, ఎవరివైపూ చూడకుండా వెళ్లిపోయాడు.

కాసేపటికి ఒకావిడ లోపలికొచ్చింది.

"మావారు గులాబీ మొక్క మర్చిపోయారు. కారులో కూర్చుని ఒకటే ఏడుపు. ఏం జరిగిందండీ?"

"ఏముందమ్మా, గుడ్డిపామంటే వినడే! పాములు పట్టేవాడా ఏంటి మీ ఆయన?"

ఆమె మొక్క అందుకుంది.

"కాదండీ. పోయినేడు మా పాపను కట్లపాము కరిచినప్పుడు, కూర్చున్నచోటు నుంచి లేవకుండా 'గుడ్డిపామేలే తల్లీ, వెళ్లి పడుకో' అన్న నాన్న ఆయన."