నిద్రపోతున్న పనిపిల్ల

చీకటిపడ్డాక లైడెన్ పట్టణంలో, చిత్రకారుడు యోరిస్ ఇంటి పనిపిల్ల మాక్తెల్డ్ కొవ్వొత్తి పట్టుకుని బొమ్మల గది కిటికీలు మూయడానికి వెళ్ళింది. అయ్యగారు తననే కూర్చోబెట్టి వేసిన బొమ్మ అక్కడుంది. అందులో పనిపిల్ల బల్ల మీద తల వాల్చి నిద్రపోతోంది, పిల్లి చేపను లాక్కుపోతోంది. బద్ధకస్తులకు బుద్ధి చెప్పే బొమ్మ. తాను రోజూ తోమే ఇత్తడి గిన్నె ఇంత అందమైనదని మాక్తెల్డ్‌కు ఇన్నాళ్ళూ తెలియదు.

"అయ్యగారూ, చేప వాసన కూడా వస్తున్నట్టుందండీ. బొమ్మలో ఆ గుమ్మంలో ముసలావిడ ఎవరండీ?"

మెట్లెక్కి వస్తున్న యోరిస్ అడుగుల చప్పుడు ఆగిపోయింది. "గుమ్మంలో నేనెవర్నీ వెయ్యలేదే, పిల్లా."

ఆమె కొవ్వొత్తి దగ్గరగా పెట్టింది. బొమ్మలో గుమ్మం ఖాళీగానే ఉంది. ముసలావిడ ఇప్పుడు బల్ల దగ్గరికొచ్చి, నిద్రపోతున్న పిల్ల భుజం మీద చెయ్యి వేసింది.

ఆ చేతి ముడతలు ఎంత బాగా కుదిరాయో అనుకుంది మాక్తెల్డ్. భయం ఆ తర్వాతే వచ్చింది.