కెంపూ నీలమూ

“నీ కొడుకుని ఆ నీలం తీసెయ్యమను,” అన్నాడు వెంకట్రాజు, భార్య చంద్రకళతో, పక్క కుర్చీలో ఉన్న కొడుకు వైపు చూడకుండా.

“నాన్నగారినే ఆ కెంపు తియ్యమనమ్మా,” అన్నాడు ఫణికిరణ్, గోడకేసి చూస్తూ.

చెరువులో బొచ్చె చేపలు వెయ్యాలా, రొయ్యలు వెయ్యాలా అన్న దగ్గర తండ్రీకొడుకుల మాటలు ఆగిపోయాయి. తప్పు ఉంగరాలదే అన్నారు సిద్ధాంతిగారు. కెంపు సూర్యుడిది, నీలం ఆయన కొడుకు శనిది, ఇద్దరికీ బొత్తిగా పడదట. ఎవరి ఉంగరం తియ్యాలో తేల్చుకోమని చంద్రకళ ఇద్దర్నీ ఆకివీడు నుంచి తాడేపల్లిగూడెం రాళ్ల షాపుకు లాక్కొచ్చింది.

షాపాయన భూతద్దం పక్కన పెట్టాడు.

“రెండూ ఒకటే రాయండి, కురువిందం. క్రోమియం కలిస్తే ఎరుపు, ఇనుమూ టైటానియమూ కలిస్తే నీలం. ఈ రెండూ మొదట్లో మసగ్గానే ఉండుంటాయి. కొలిమిలో బాగా కాల్చాకే ఇలా రంగు తేలాయండి.”

“కాల్చిన రాయా, నాదా?” వెంకట్రాజు లేచాడు.

“కాల్చిందా, నాదా?” ఫణికిరణూ లేచాడు.

“ఒరేయ్, ఈయనకేం తెలీదురా!”

“అస్సలు తెలీదు నాన్నగారూ. పదండి, ఏలూరులో చూపిద్దాం.”

ఇద్దరూ మాట్లాడుకుంటూ కారెక్కి వెళ్లిపోయారు. చంద్రకళ సంగతి ఇద్దరికీ గుర్తులేదు.

“ఏమీ అనుకోకండమ్మా, ఉన్నమాటే చెప్పానండి,” అన్నాడు షాపాయన బిక్కమొహంతో.

“అయ్యో, మీరేం చేశారండీ,” చంద్రకళ తీరిగ్గా కుర్చీలో వెనక్కి వాలింది. “రెండూ ఒకటే రాయని నాకు ముందే తెలుసండి. కాల్చేవాళ్లే ఇన్నాళ్లూ దొరకలేదు.”