చెల్లెలి పేరు మీద

పిసిలా ఈసారి కూడా ఆసుపత్రి గేటు దాకా వెళ్ళి వెనక్కి వచ్చేసింది.

"సూది నావైపే చూసిందే అక్కా," అంటూ వరండాలో చాప మీద కూలబడింది.

లెసీలి దుంప చెక్కు తీయడం ఆపలేదు. "సూదికి కళ్ళుంటాయా?"

"నాకు కనిపించాయి."

పిసిలాకు ఇంకా పాతికేళ్ళు నిండలేదు. అప్పుడే ముందు పళ్ళు కదులుతున్నాయి. టోంగా దీవుల రాజధాని నుకుఆలోఫాలో, చర్చిలో పాట ఎత్తుకునేది తనే. ఇప్పుడు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని పాడుతోంది.

న్యూజిలాండ్ డాక్టర్లు వచ్చి ఆమె నోరు చూశారు. చెంప లోపల దూదితో తుడిచి నమూనా తీసుకున్నారు. ఇక రక్తం ఇవ్వాలి. చిగుళ్ళ జబ్బు పుట్టుకతో వచ్చిందయితే ఆ గుర్తులు రక్తంలో దొరుకుతాయట. దొరికినవాళ్ళకే ఉచితంగా వైద్యం. గడువు ఈరోజుతో సరి.

చిన్నప్పుడు ఆక్లండ్ ఆసుపత్రిలో పొడిచిన పెద్ద సూది పిసిలాకు ఇప్పటికీ కలలోకి వస్తుంది.

లెసీలి చేతులు కడుక్కుని, బయటికి వెళ్ళేటప్పుడు నడుముకు చుట్టుకునే చాప చుట్టుకుంది. "నేనిచ్చొస్తాను. నీ పేరు చెప్తాను."

"అమ్మో, మోసం కదే! ఆదివారం చర్చికి ఏ మొహంతో వస్తావ్?"

"పేరొక్కటే అబద్ధం," అంది లెసీలి.

ఆసుపత్రిలో నర్సు ఊరికి కొత్త.

"పేరు?"

"పిసిలా."

పక్క బల్ల మీద కునుకు తీస్తున్న మెలియామె పెద్దమ్మ టక్కున తలెత్తింది. "ఏమే లెసీలీ, ఎండకి పేరు కూడా మర్చిపోయావా?"

నర్సు చెయ్యి ఆగింది.

"నీ కళ్ళజోడేది పెద్దమ్మా?" అంది లెసీలి.

పెద్దమ్మ ఒళ్ళో తడుముకుంది. కళ్ళజోడు ఇంట్లోనే ఉండిపోయింది. గొణుక్కుంటూ మళ్ళీ కళ్ళు మూసుకుంది.

నర్సు రక్తం తీసి సీసాకు మూత బిగించింది. "దీన్ని చెంపలోంచి తీసినదానితో పోల్చి చూస్తామమ్మా. ఒకరి బదులు ఒకరు ఇస్తే ఇట్టే దొరికిపోతారు. వైద్యం కూడా దక్కదు."

"చూడండి," అంది లెసీలి, మోచెయ్యి మడుచుకుంటూ.

లెసీలి ఇంటికొచ్చి నర్సు అన్న మాట చెప్పగానే పిసిలా ఏడుపు లంకించుకుంది. "అయిపోయింది! అక్కాచెల్లెళ్ళమైనంత మాత్రాన నీ రక్తం నా రక్తం అవుతుందా? పళ్ళూ పోయాయి, పాటా పోయింది!"

"ముందు తిను," అని లెసీలి కొబ్బరిపాలలో ఉడికించిన దుంప ముందుకు జరిపింది.

కొన్నాళ్ళకు నర్సే ఇంటికి వచ్చింది. పిసిలా తలుపు వెనక్కి తప్పుకుంది.

"పోల్చి చూశారు. రెండూ ఒక్క మనిషివే, రవ్వంత తేడా లేదు. గుర్తులూ దొరికాయి. సోమవారం నుంచి వైద్యం మొదలు," అని చెప్పి నర్సు వెళ్ళిపోయింది.

పిసిలా అక్క వైపు నోరు తెరుచుకుని చూసింది. చెయ్యి అడ్డం పెట్టుకోవడం మర్చిపోయింది.

ఆక్లండ్‌లో ఆ పెద్ద సూదితో పిసిలా ఎముకల్లోంచి మూలుగ తీసి, చావుబతుకుల్లో ఉన్న అక్కకు ఎక్కించిన రోజు నుంచీ లెసీలి ఒంట్లో పుడుతున్నదంతా చెల్లెలి రక్తమే.