ఇసుక మూట

ఆ ఆదివారం ఇంట్లో అందరూ ఉన్నారు. దిల్‌సుఖ్‌నగర్ చీరల దుకాణంలో మధ్యాహ్నం డ్యూటీ ఉన్న రామస్వామి, వంటింట్లో ఆయన భార్య కృష్ణకుమారి, ఫోన్‌లో తలదూర్చిన కొడుకు శ్రవణ్‌కుమార్, ముందుగదిలో మంచం మీద తుంటి విరిగిన నానమ్మ కొమురమ్మ. ఇక మృదుల. దువ్వెన పట్టుకుని అద్దం ముందు నిలబడి ఉంది. చెయ్యి భుజం దాటి పైకి లేవడం లేదు.

"అమ్మా, జర జడ వెయ్యవా?"

"చెయ్యి గూడ లేస్తలేదా?" అమ్మ దువ్వెన లాక్కుంది. "ఇంటర్ చదివే పిల్లకు గీ బరువుల పిచ్చేంది? ఆపరేషన్ అయిన నడుముతోని నేను బకెట్ నీళ్లు గూడ ఎత్తరాదాయె. నువ్వు గూడ మంచాన పడ్తే ఇంట్ల ఎవరు చేస్తరు?"

మృదుల కుర్చీలో కూర్చోబోతే తొడలు పట్టేశాయి. సగంలో ఆగి, ఇక ఆగలేక ధబ్బున కూలబడింది.

"అబ్బా!"

శ్రవణ్ పకపకా నవ్వాడు. "బాపూ, మన పహిల్వాన్‌ను సూడు! కుర్చీల కూసునుడు గూడ అస్తలేదు. జిమ్ముల అందరు రాడ్లు ఎత్తుతరు, ఈమెకు ఇసుక మూట గావాల్నట. మేస్త్రి పనికి పోతవానే?"

"ఆడపిల్లవు, నీకెందుకు బిడ్డా బరువులు?" చొక్కా గుండీలు పెట్టుకుంటూ అన్నాడు రామస్వామి. "ఎత్తనీకి ఇంట్ల నేను లేనా, అన్న లేడా? ఒక్కటే చెప్తున్న. ఇంకోసారి అబ్బా అని ఇనబడ్డదా, జిమ్ బంద్."

"ఇనబడది బాపూ."

ఊరి బడిలో హాజరు పలకడానికే గొంతు పెగలని పిల్ల. ఆ మాట తన నోట్లోంచి వచ్చినందుకు తనకే ఆశ్చర్యమేసింది.

చాయ్ తీసుకుని నానమ్మ దగ్గరికి వెళ్లింది.

"వద్దు బిడ్డ. తాగబుద్ధి అయితలేదు."

పొద్దున పెట్టిన మంచినీళ్ల గ్లాసు కూడా నిండుగా అలాగే ఉంది. నానమ్మ పెదవులు ఎండి పొట్టు లేచాయి.

"మొండిది," అంది అమ్మ వంటింట్లోంచి. "నెత్తి నోరు కొట్టుకున్నా గుక్కెడు నీళ్లు తాగది."

కొమురమ్మ అదేమీ పట్టించుకోకుండా మనవరాలి భుజం మీద వేళ్లతో నొక్కి చూసింది. "ఈడనేనా? పోచంపల్లిల ఆసు పోసుడు మొదలువెట్టిన కొత్తల నాకూ గంతే. పొద్దంత మేకుల చుట్టూ నూలు తిప్పి తిప్పి, రాత్రికి బుక్క నోటిదాక పోకపోయేది."

"మరేం జేసినవ్ నానమ్మా?"

"ఏం జేస్త? తెల్లారి మళ్ల ఆసుకాడ కూసున్న."

ఇంతలో రామస్వామి, శ్రవణ్ వచ్చారు, ఆమెను ఎండలో కూర్చోబెట్టడానికి. చక్రాల కుర్చీ ఈ కిరాయి ఇంటి తలుపుల్లో పట్టక బాల్కనీలో బట్టలు ఆరేసుకోవడానికి పనికొస్తోంది. ఆమె ఎటు కదలాలన్నా కొడుకో మనవడో ఎత్తాల్సిందే. శ్రవణ్ ఎత్తుకోగానే కొమురమ్మ కొంగు ముఖం మీదికి లాక్కుంది.

"ఎండ కండ్లల్ల కొడ్తున్నదా అవ్వా?" అన్నాడు రామస్వామి. బాల్కనీ ఇంకా రానేలేదు.

మృదుల తల తిప్పుకుని బూట్లు వేసుకుంది.

ఎల్బీనగర్‌లో జిమ్ రెండో అంతస్తులో ఉంది. ప్రతి మెట్టుకూ తొడలు భగ్గుమన్నాయి. ఆడవాళ్ల బ్యాచ్‌కి నేర్పే బిందుమాధవి ఆమెను చూసి నవ్వింది. ఆవిడది భీమవరం వైపు.

"ఏంటమ్మా, నడక మారిపోయింది?"

"నిన్నటికంటె ఇయ్యాల ఎక్కువైంది మేడం."

"రెండో రోజే అసలు నొప్పి. కండ పీకితే భయం లేదు. కీలులో పొడిచినట్టుంటే మాత్రం దాచకుండా చెప్పాలి. ఇవాళ బరువు ముట్టుకోకు, ఊరికే నడువు. నీళ్లు బాగా తాగు."

"ముట్టకపోతే ఎట్ల మేడం? నాకు తొందరున్నది."

"ఏం తొందర? పోటీకి పేరిస్తావా?"

మృదుల నేల చూపులు చూసింది. "పోటీ వద్దు మేడం. మూట ఛాతికి పట్టుకుని నడుస్తున్నం గద, గట్లనే సందుల మల్పు తిరుగుడు గూడ నేర్పుండ్రి."

"విచిత్రమైన పిల్లవే! సరే, ముందు ఈ నొప్పి తగ్గనీ. ఒకటి గుర్తుంచుకో. లేచేది నడుంతో కాదు, కాళ్లతో."

ఆ తర్వాత ఇంట్లో అబ్బా అన్న మాట వినబడలేదు. నొప్పి లేక కాదు. వచ్చినప్పుడల్లా మృదుల తువ్వాలు పళ్ల మధ్య పెట్టుకునేది. వేడినీళ్లు పోసుకుని, మెల్లగా నడిచి, తగ్గగానే మళ్లీ జిమ్ మెట్లెక్కేది. మూటలో ఇసుక పెరుగుతూ వచ్చింది. శ్రవణ్‌కు మేస్త్రి జోకు పాతబడిపోయింది.

బోనాలు అయిపోయిన తర్వాతి ఆదివారం, తండ్రీకొడుకులు టీవీలో మ్యాచ్ చూస్తున్నారు. కొమురమ్మ మంచం మీద ఇటు కదిలింది, అటు కదిలింది. వాళ్ల వైపు చూసి, కళ్లు మూసుకుంది.

మృదుల మంచం దగ్గరికి వచ్చి వంగింది. "నానమ్మా, నా మెడ చుట్టు చేతులెయ్యి."

"ఏయ్, పడేస్తవే! ఆగు, నేనొస్తున్న," శ్రవణ్ లేచాడు.

"నువ్వు కూసో అన్నా."

"నడుం పట్టుకుంటది పిల్లా!" అమ్మ వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది.

మృదుల మోకాళ్లు వంచింది. నానమ్మను ఛాతికి హత్తుకుని, కాళ్లతో లేచింది. తొడలు వణికాయి. పళ్లు బిగించింది. టీవీలో ఎవరో అవుటయ్యారు, ఎవరూ చూడలేదు. కొమురమ్మ కొంగు భుజం మీదే ఉంది. మనవరాలి మెడ మీదుగా ఇల్లంతా కళ్లు తిప్పి చూసుకుంటోంది. ఇరుకు నడవలో మలుపు దగ్గర నానమ్మ పాదం గోడకు తగలకుండా మృదుల తిరిగింది. మెల్లగా ఆమెను కూర్చోబెట్టింది.

"గింత కష్టమెందుకు బిడ్డా?" వెనకాలే వచ్చిన రామస్వామి గొంతు చిన్నబోయింది. "ఎత్తనీకి మేం లేమా?"

"ఉన్నరు బాపూ," అంది మృదుల రొప్పుతూ. "గందుకే."

కొమురమ్మ మనవరాలిని చూసి నవ్వింది. "సాలు తియ్, ఇగ నువ్వు గూడ పో. పెద్ద చెంబు నిండ నీళ్లు తెచ్చి నా మంచంకాడ వెట్టు."

చెయ్యి చాచి బాత్రూం తలుపు వేసుకుంది.