బి విలువ ఐదు

కంప్యూటర్ క్లాసులో శిరీష బోర్డు మీద a = 5 అని రాసి, దాని కింద b = a++ అని రాసింది.

"రెండు ప్లస్‌లు పక్కపక్కన పెడితే విలువ ఒకటి పెరుగుతుంది. కాబట్టి ఇప్పుడు బి ఆరు," అంటూ పక్కన 6 వేసింది.

"ఐదే ఉంటది మేడం."

చివరి బెంచీలోంచి వచ్చిందా మాట. యాభై దాటిన మనిషి, భుజాన తువ్వాలు. జహీరాబాద్‌లోని ఆ డిగ్రీ కాలేజీలో ఆమె లెక్చరర్‌గా చేరి నాలుగు రోజులైంది. నాలుగు రోజులూ ఆయన అక్కడే కూర్చుని రాసుకుంటున్నాడు. తన పాఠం ఎలా ఉందో చూడమని ఆఫీసు వాళ్లే పంపారనుకుని ఆమె ఏమీ అడగలేదు.

ఆయన లేచి నిలబడ్డాడు. "ఏ అన్నది తన కాడున్న ఐదును ముందుగాల బీకి ఇచ్చేస్తది. తర్వాత తను ఒకటి పెరుగుతది."

పిల్లలు కిసుక్కున నవ్వారు. శిరీష మొహం వేడెక్కింది.

ఏం చదువుకున్నారని అడిగింది. ఏమీ చదువుకోలేదన్నాడు. మరి క్లాసులోకి ఎవరు రానిచ్చారని అడిగితే తల దించుకున్నాడు.

"చదువు రానివాళ్లు నాకు చెప్పక్కర్లేదు. బయటికి వెళ్లండి."

"తప్పైంది మేడం," అని ఆయన వెళ్లిపోయాడు.

మధ్యాహ్నం ల్యాబ్‌లో ఒకమ్మాయి ఆ రెండు లైన్లే కొట్టింది. తెర మీద ఐదు వచ్చింది.

శిరీష తనే కూర్చుని మళ్లీ కొట్టింది. ఐదే.

ప్లస్‌లు ముందుంటేనే ఆరు. తనకు తెలియనిది కాదు, కొత్త క్లాసు కంగారులో జారింది. జారితే జారింది, ఆ మనిషిని అంత మాట ఎందుకంది? ఆ పూట అన్నం సహించలేదు.

మర్నాడు పిల్లల ముందు తప్పు ఒప్పుకుంది. వినాల్సిన మనిషి మాత్రం రాలేదు.

బెంచీ సొరుగులో ఆయన నోటుబుక్కు ఉండిపోయింది. తెరిచి చూసింది. అక్షరాలు రాసినట్టు లేవు, ఒక్కోటీ బొమ్మ వేసినట్టున్నాయి. డస్టర్‌తో సరిగా తుడవక మిగిలిన గీతను కూడా వదలకుండా దించాడు. చివరి పేజీలో బి పక్కన ఆరు వేసి ఉంది.

తను చెప్పిందే రాసుకున్నాడు.

అటెండర్ వీరప్పను పిలిచి ఆయన గురించి అడిగింది. వీరప్ప తలుపు వైపు చూసి గొంతు తగ్గించాడు.

"నేనే కూసోబెట్టిన మేడం, పెద్దసారుకు చెప్పలే. పేరు చెన్నబసప్ప, ఝరాసంగం దిక్కు. ఇగ రాడు. పొద్దుగాలే వచ్చి టీసీ తీస్కపోయిండు."

"ఆయనకు టీసీ ఏమిటి?"

"బిడ్డది. మీ క్లాసుల దీక్షిత. హైవే మీద ఆటో బోల్తా పడి నడుం ఇరిగింది, మూడు నెల్లు మంచం దిగొద్దన్నరు. మేడంకు కోపమొచ్చింది, ఇగ నా బిడ్డను పాస్ కానియ్యరని భయపడ్డడు."

శిరీష నోటుబుక్కులో ఆరు వేసిన పేజీ మళ్లీ తెరిచింది.

"ఆయనకు ఒక్క అచ్చరం రాదు మేడం. బోర్డు మీదిది ఉన్నదున్నట్టు గీస్కపోతే, ఆ పిల్ల మంచంల పండుకునే చదివి, పుస్తకం చూసి ముందటి పాఠాలు గూడ నాయినకు సమజ్ చేసి చెప్పేది."